చూడని లేయర్‌ని దాచే హక్కు మనకు లేదు

ఆటోక్యాడ్ (కంప్యూటర్లో డ్రాయింగ్‌లు గీసే సాఫ్ట్‌వేర్) వాడే మా ఏసీ, ప్లంబింగ్ డ్రాఫ్టింగ్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో మొన్న ఒకతను ఒక చిట్కా పెట్టాడు. ఆర్కిటెక్ట్ దగ్గర్నుంచి కొత్త రివిజన్ (సవరించిన ప్లాన్) వచ్చినప్పుడల్లా ఎక్స్‌రెఫ్‌లో (మన డ్రాయింగ్‌లోకి లింకుగా తెచ్చుకున్న వాళ్ల ఫైల్లో) కొత్త లేయర్లు (ఒక్కో రకం గీతల్ని విడిగా ఉంచే పొరలు) పుట్టుకొచ్చి షీట్లన్నీ పాడవుతున్నాయా? లేయర్ స్టేట్ (ఏ లేయర్ కనబడాలో ఏది కనబడకూడదో ముందే సేవ్ చేసుకున్న జాబితా) రిస్టోర్ చేసేటప్పుడు "టర్న్ ఆఫ్ లేయర్స్ నాట్ ఫౌండ్ ఇన్ లేయర్ స్టేట్" అన్నచోట టిక్ పెట్టేయండి, ఆ స్టేట్‌లో లేని లేయర్లన్నీ వాటంతటవే ఆఫ్ అయిపోతాయి, ఇక టెన్షన్ లేదు అని. దాని కింద చప్పట్లు, దణ్ణాలు వరస కట్టాయి. "ఇన్నాళ్లూ తెలియక చచ్చాం అన్నా" అని ఒకరిద్దరు రాశారు కూడా.

చిట్కా పనిచేస్తుంది, అందులో అనుమానం లేదు. నా భయమల్లా అది చేసే పని గురించే. గ్రూపులో నాలుగు ముక్కల్లో చెబితే తేలేది కాదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేను నమ్మేది ఇది. ఎక్స్‌రెఫ్‌లో ఏది కనిపించాలో ఏది కనిపించకూడదో తేల్చుకునే హక్కు, దాన్ని తెచ్చుకున్న డ్రాయింగ్‌దే. పంపినవాళ్లది కాదు. కానీ ఆ హక్కు మనం ఒకసారైనా కళ్లతో చూసినవాటి మీదే ఉంటుంది. ఇంకా రానిదాన్ని, మనం చూడనిదాన్ని ముందే దాచిపెట్టే ఏర్పాటు ఎంత సౌకర్యంగా ఉన్నా డ్రాయింగ్‌లో ఉండకూడదు.

హక్కు ఎందుకు మనదే కావాలి

ఆటోక్యాడ్‌లో ఎక్స్‌రెఫ్‌లు 1990లో రిలీజ్ 11తో వచ్చాయి. అప్పటినుంచీ ఉన్న పేచీ ఇది: ఆర్కిటెక్ట్ ఫైల్లో సోఫా లేయర్ ఆన్‌లో ఉంది, నా డక్ట్ లేఅవుట్‌లో సోఫా నాకక్కర్లేదు, ఎవరి మాట నెగ్గాలి? విస్‌రిటైన్ అనే సెట్టింగ్ దీనికి జవాబు. అది 1లో ఉంటే నేను నా డ్రాయింగ్‌లో చేసిన ఫ్రీజులు (లేయర్‌ని దాచడాలు), రంగులు సేవ్ అవుతాయి. 0లో ఉంటే ఆ పూట వరకే. మళ్లీ తెరిచినప్పుడు ఆర్కిటెక్ట్ ఫైల్ ఎలా ఉందో అలాగే వస్తుంది.

ఇప్పటికీ కొన్ని పాత టెంప్లేట్లలో ఇది 0లో ఉంటుంది. సెట్టింగ్ డ్రాయింగ్‌తో పాటే సేవ్ అవుతుంది కాబట్టి ఆ టెంప్లేట్‌తో మొదలుపెట్టిన ప్రతి ఫైలుకీ ఆ జబ్బు అంటుకుంటుంది. రాత్రి కూర్చుని శుభ్రం చేసిన షీట్ పొద్దున తెరిస్తే కుర్చీలు, మొక్కలు, టైల్స్ హ్యాచ్ అన్నీ మళ్లీ ప్రత్యక్షం. అలాంటి ఫైలు చేతికొస్తే నేను ముందు చూసేది అదే.

0లో ఉంచాలనేవాళ్లకీ ఒక వాదన ఉంది. "ఆర్కిటెక్ట్ ఏదైనా ఆఫ్ చేశాడంటే కారణం ఉంటుంది, అతని ఉద్దేశం మనకు చేరాలి కదా" అంటారు. నిజమే, కొన్నిసార్లు పాత ప్రత్యామ్నాయాన్ని తీసేయకుండా ఆఫ్ చేసి పంపుతారు. ఆ ఆఫ్ మనకు అందకపోతే రద్దయిన గోడ చుట్టూ మనం పైపులు తిప్పుతూ కూర్చుంటాం. ఈ వాదనకి విలువ ఉంది. కానీ దానికోసం నా షీట్ మొత్తాన్ని ఇంకొకరి స్క్రీన్‌కి కట్టేయలేను. ఆర్కిటెక్ట్ తన పనికోసం సీలింగ్ లేయర్‌ని ఫ్రీజ్ చేసి ఫైల్ సేవ్ చేస్తే, నా సీలింగ్ షీట్లో సీలింగే మాయమవుతుంది. ఒకే ప్లాన్‌ని ఏసీ వాళ్లు, ఎలక్ట్రికల్ వాళ్లు, ఫైర్ వాళ్లు అందరూ తెచ్చుకుంటారు. అందరికీ కావలసినవి వేరు. కాబట్టి 1. ఇక్కడిదాకా గ్రూపులో వాళ్లకీ నాకూ తేడా లేదు.

బీమ్ లేని షీట్

కొన్నేళ్ల కిందట నేను ఒక కంపెనీలో కోఆర్డినేషన్ (అందరి డ్రాయింగ్‌లూ ఒకదానికొకటి అడ్డు రాకుండా చూసే పని) చూసేటప్పుడు, గల్ఫ్‌లో కడుతున్న ఒక ఆసుపత్రికి షాప్ డ్రాయింగ్‌లు (సైట్‌లో చూసి పని చేసే వివరమైన డ్రాయింగ్‌లు) హైదరాబాద్‌లో తయారయ్యేవి. గీసే టీమ్ వేరు, చెక్ చేసే మేము వేరు. ఒక మధ్యాహ్నం సైట్ నుంచి ఫోన్. అక్కడ డక్ట్ ఫోర్‌మన్ మన నిజామాబాద్ వైపు అతనే. "సార్, బీమ్ కిందికి దిగింది. మీ డ్రాయింగ్‌ల బీమే లేదు" అన్నాడు. ఫోటో పంపాడు. కారిడార్‌లో హ్యాంగర్లు బిగించేసి ఉన్నాయి, జీఐ డక్ట్ ముక్క ఒకటి బీమ్ మొహానికి ఆనుకుని ఆగిపోయింది.

షీట్ తెరిచి చూస్తే అతను చెప్పింది అక్షరాలా నిజం. డక్ట్ ఉంది, డిఫ్యూజర్లు ఉన్నాయి, గోడలు ఉన్నాయి, ఆ చోట బీమ్ గీతలు మాత్రం లేవు. స్ట్రక్చర్ ఎక్స్‌రెఫ్ తెరిస్తే అందులో ఉంది. జరిగింది ఇది. పైఅంతస్తులో ఒక కాలమ్ పక్కకి జరిగింది. దాని బరువు మోయడానికి కింద బీమ్‌ని వెడల్పుగా, లోతుగా మార్చి, స్ట్రక్చర్ వాళ్లు దాన్ని కొత్త లేయర్‌లో గీశారు. పాత లేయర్‌లో ఉన్న పాత బీమ్‌ని తీసేశారు. వాళ్ల వైపు నుంచి చూస్తే తప్పేం లేదు, ట్రాన్స్‌ఫర్ బీమ్‌లు విడిగా కనబడాలని వేరే లేయర్ పెట్టుకున్నారు. మా వైపు గీసే టీమ్ ప్రతి రివిజన్‌కీ లేయర్ స్టేట్ రిస్టోర్ చేసేది, ఆ టిక్‌తో. పాత బీమ్ తీసేశారు కాబట్టి పోయింది, కొత్త బీమ్ స్టేట్‌లో లేదు కాబట్టి ఆఫ్ అయింది. షీట్ నీటుగా, శుభ్రంగా ఉంది.

ఆ షీట్‌ని ఎంతమంది చూసినా దొరకదు, ఈ సంగతి నన్ను ఇప్పటికీ వదలదు. గీత తప్పుచోట ఉంటే పట్టుకుంటారు. పక్కనున్న గ్రిడ్‌తో పోలుస్తారు, కొలుస్తారు, అడుగుతారు. అసలు గీతే లేని ఖాళీలో పట్టుకోవడానికి ఏముంది? కారిడార్లో ఖాళీ చోటు కనబడితే డక్ట్ వేసేవాడికి అది వరం. కోఆర్డినేషన్ చేసే మేమూ అదే షీట్ మీద కూర్చుని "ఇక్కడ చోటుంది" అనుకున్నాం.

బీమ్‌కి కోర్ కటింగ్ (రంధ్రం చేయడం) అంటే స్ట్రక్చర్ వాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. చివరికి ఆ భాగంలో డక్ట్‌ని వెడల్పు చేసి ఎత్తు తగ్గించి, బీమ్ కింద నుంచి తీసి, సీలింగ్‌ని కొంచెం దించడానికి ఆర్కిటెక్ట్ దగ్గర అనుమతి తెచ్చుకున్నారు. ముందే చేసిన డక్ట్ ముక్కలు తుక్కుకి పోయాయి.

అప్పుడు టీమ్‌లో ఎవరూ నిర్లక్ష్యంగా లేరు. అదే ఇందులో అసలు బాధ. చెప్పిన పద్ధతి చెప్పినట్టే చేశారు, ఆ పద్ధతిలోనే కొత్తదాన్ని చూడకుండా మూసేసే ఏర్పాటు ఉంది.

రకాన్ని దాచడం, చోటుని దాచడం

దీని గురించి ఆలోచిస్తూ పోతే, మనం రోజూ వాడే దాచే పద్ధతులన్నీ రెండు జాతులుగా కనబడ్డాయి. లేయర్ ఫ్రీజ్ చేస్తే ఒక రకాన్ని దాచినట్టు: ఫర్నిచర్ వద్దు, మొక్కలు వద్దు. ఆ రకం ఏమిటో నాకు తెలుసు, అందులో రేపు ఇంకో సోఫా చేరినా నాకు నష్టం లేదు. వైపౌట్ (గీతల మీద కప్పే ముసుగు) వేస్తే, ఎక్స్‌క్లిప్ (ఎక్స్‌రెఫ్‌లో ఒక భాగమే కనబడేలా కత్తిరించడం) చేస్తే దాచేది ఒక చోటుని. ఆ చోటులో ఇవాళ ఉన్నది నాకు తెలుసు. రేపు వచ్చే రివిజన్‌లో అక్కడికి ఏం వస్తుందో తెలియదు, వచ్చినా కనబడదు.

ఎక్స్‌రెఫ్‌లో ఒక్క వస్తువుని మాత్రమే దాచాలంటే ఎలా అని కొత్తగా చేరిన పిల్లలు తరచూ అడుగుతుంటారు. ఒక టెక్స్ట్ మన పైపు మీద పడింది, దాన్నొక్కదాన్నీ తీసేయాలి. హైడ్ ఆబ్జెక్ట్స్ వాడితే ఎక్స్‌రెఫ్ మొత్తం మాయమవుతుంది, ఎందుకంటే మన డ్రాయింగ్ దృష్టిలో ఆ ఫైలంతా కలిపి ఒకే వస్తువు. లేయర్ ఫ్రీజ్ చేస్తే ఆ ప్లాన్‌లోని రూమ్ పేర్లన్నీ పోతాయి. ఇక మిగిలింది వైపౌట్, లేకపోతే రెఫ్‌ఎడిట్‌తో లోపలికి వెళ్లి ఆ టెక్స్ట్‌ని వేరే లేయర్‌లోకి నెట్టడం. రెండోది చేస్తే మార్పు ఆర్కిటెక్ట్ ఫైల్లోనే సేవ్ అవుతుంది, అంటే ఊళ్లో అందరి డ్రాయింగ్‌నీ మార్చినట్టే. పంపేవాళ్లు తమ ఫైల్లో ఎక్స్‌ఎడిట్ అనే సెట్టింగ్‌ని 0 చేసి పంపితే ఈ పని కుదరదు, వాళ్లు అలా చేస్తే నేను సంతోషిస్తాను. నేనైతే ఆ పిల్లలకి చెప్పేది ఒకటే: మన పైపుకి పెట్టిన ట్యాగ్‌ని పక్కకి జరపండి, వాళ్ల టెక్స్ట్‌ని అలాగే ఉండనివ్వండి.

క్లిప్ అసలు వాడొద్దనడం లేదు. పెద్ద ప్లాన్‌ని మ్యాచ్‌లైన్ (రెండు షీట్లు కలిసే గీత) దగ్గర విడగొట్టి రెండు షీట్లు చేసేటప్పుడు క్లిప్ తప్పదు. ఇక్కడ కనబడనిది పక్క షీట్లో కనబడుతుంది, ఎవరో ఒకరు దాన్ని చూస్తారు. నా అభ్యంతరం ఏ షీట్లోనూ కనబడకుండా పోయే మూల గురించే. లిఫ్ట్ షాఫ్ట్ లోపల గీతలు గజిబిజిగా ఉన్నాయని దానిమీద వైపౌట్ వేస్తారు. తర్వాత రివిజన్‌లో ఆ షాఫ్ట్ గోడ ఒక అడుగు లోపలికి జరిగితే, జరిగిన గోడ వైపౌట్ కిందే ఉండిపోతుంది.

"అంత టైమ్ ఎక్కడిది సార్?"

ఈ మాట ఎప్పుడూ వస్తుంది, దీన్ని తేలిగ్గా తీసిపారేయలేను. ఒక అంతస్తు ప్లాన్‌లో ఆర్కిటెక్ట్, ఇంటీరియర్, స్ట్రక్చర్ కలిపి వందల లేయర్లు వస్తాయి. సాయంత్రానికి షీట్లు వెళ్లాలి. ప్రతి రివిజన్‌కీ కొత్త లేయర్లని ఒక్కొక్కటీ తెరిచి చూడమంటే నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోవడంలో న్యాయం ఉంది.

అయితే ఈ వందల్లో నిజంగా కొత్తవి ఎన్ని? చాలాసార్లు కొత్తవాటిలా కనబడేవి పాతవే. దీనికి కారణం ఫైల్ పేరు. మన దగ్గర, గల్ఫ్‌లో చాలామంది కన్సల్టెంట్లు రివిజన్ నంబర్‌ని ఫైల్ పేరులోనే పెడతారు: ఎ-101_ఆర్2, తర్వాత ఎ-101_ఆర్3. మన డ్రాయింగ్‌లో ఎక్స్‌రెఫ్ లేయర్ పేరు ముందు రిఫరెన్స్ పేరు, మధ్యలో నిలువు గీత, తర్వాత లేయర్ పేరు ఉంటాయి. పాతదాన్ని డిటాచ్ చేసి ఆర్3ని కొత్తగా అటాచ్ చేసినవాడికి ఎ-101_ఆర్3 అన్న పేరుతో మొదలయ్యే ప్రతి లేయరూ కొత్తదే. మనం చేసిన ఫ్రీజులన్నీ గాలికి పోతాయి. అప్పుడు ఆ టిక్ దేవుడిలా కనబడుతుంది.

ఇలా చేయనక్కర్లేదు. ఎక్స్‌రెఫ్ ప్యాలెట్‌లో ఆ రిఫరెన్స్‌ని అలాగే ఉంచి, దారిని మాత్రం కొత్త ఫైలుకి మార్చితే చాలు. రిఫరెన్స్ పేరు వేరు, ఫైల్ పేరు వేరు. మొదటిరోజే రిఫరెన్స్ పేరు ఎ-101 అని పెట్టుకుంటే ఆర్9 వచ్చినా అది ఎ-101గానే ఉంటుంది, ఫ్రీజులు చెక్కుచెదరవు. నిజంగా కొత్తవైన లేయర్లే కొత్తగా వస్తాయి. వాటి లెక్క సాధారణంగా పెద్దది కాదు.

మిగిలిన ఆ కొద్దిపాటినీ వెతుక్కోవలసిన పని లేదు. లేయర్‌ఇవాల్ అనే సెట్టింగ్ 1లో ఉంటే ఎక్స్‌రెఫ్‌లలో కొత్తగా వచ్చిన లేయర్లని ఆటోక్యాడే గుర్తించి, లేయర్ ప్యాలెట్‌లో "అన్‌రికన్సైల్డ్" (ఇంకా చూసి ఖాయం చేయనివి) అనే విడి జాబితాలో పెడుతుంది. 2లో పెడితే మన డ్రాయింగ్‌లో పుట్టిన కొత్తవాటినీ పట్టుకుంటుంది. లేయర్‌నోటిఫై అనే ఇంకో సెట్టింగ్‌తో ఎప్పుడు హెచ్చరించాలో చెప్పొచ్చు: ప్లాట్ (ప్రింట్) చేసేటప్పుడు, ఎక్స్‌రెఫ్ రీలోడ్ అయినప్పుడు, లేయర్ స్టేట్ రిస్టోర్ చేసినప్పుడు. నేను చూసిన ఆఫీసుల్లో చాలాచోట్ల ఈ రెండూ 0లో ఉంటాయి. మూలన బుడగలా వచ్చే ఆ నోటీసు విసుగు పుట్టిస్తుందని ఎవరో ఒకరోజు ఆపేసి ఉంటారు, తర్వాత ఆ కంప్యూటర్లో కూర్చున్నవాళ్లకి అలాంటిదొకటి ఉందనే తెలియదు.

ఆ జాబితా తెరిచి, అందులోని లేయర్లు మాత్రమే కనబడేలా చేసి ఒక్కసారి ప్లాన్ మీద చూపు తిప్పితే చాలు. ఫర్నిచరా, ఫ్రీజ్. గోడా, ఉంచు. చూశాక రికన్సైల్ కొట్టు. ఇది సగం పూట పని కాదు, చాలా షీట్లకి చాయ్ చల్లారేలోపు అయిపోతుంది. పేర్లు పద్ధతిగా ఉంటే ఇంకా తొందర. లేయర్ కమాండ్ నక్షత్రం గుర్తుని ఒప్పుకుంటుంది కాబట్టి *|ఎ-ఫర్న్* అని ఒక్క లైన్‌లో అన్ని ఎక్స్‌రెఫ్‌ల ఫర్నిచర్‌నీ ఫ్రీజ్ చేయొచ్చు. వ్యూపోర్ట్ (షీట్ మీద ప్లాన్ కనబడే కిటికీ) వరకే కావాలంటే వీపీలేయర్ కమాండ్‌తో అదే పని. ఇది నాకు అభ్యంతరం లేని ముందస్తు దాపరికం, ఎందుకంటే రేపు రాబోయే ఎ-ఫర్న్ ఏమిటో నాకు ఇవాళే తెలుసు.

ఇంకొకటి, దాచడానికి ముందు మసక చేసి చూడండి. ఎక్స్‌రెఫ్ మొత్తాన్నీ బూడిద రంగులోకి, సన్నగీతలోకి మార్చితే సగం లేయర్లని దాచాలన్న కోరికే పోతుంది. ఆర్కిటెక్ట్ బైలేయర్ (వస్తువు తన లేయర్ రంగే తీసుకునే ఏర్పాటు) వాడకుండా ఒక్కో వస్తువుకీ విడిగా రంగు పూస్తే లేయర్ రంగు మార్చినా మారదు. అప్పుడు ఎక్స్‌రెఫ్‌ఓవర్‌రైడ్‌ని 1 చేస్తే అన్నీ దారికొస్తాయి. ఎక్స్‌డీడబ్ల్యూజీఫేడ్‌సీటీఎల్ సెట్టింగ్ స్క్రీన్ మీద మసక చేస్తుంది కానీ ప్లాట్‌కి పనికిరాదు, దాన్ని నమ్ముకుని ప్రింట్ తీసి ఖంగుతిన్నవాళ్లున్నారు.

లేయర్ పేరుని ఎంతవరకు నమ్మొచ్చు

నా వాదన మొత్తం ఒక నమ్మకం మీద నిలబడింది: ఒక లేయర్‌లో ఒక రకం వస్తువులే ఉంటాయని. ఇది ఎప్పుడూ నిజం కాదు, ఇక్కడ నాకే అనుమానాలున్నాయి. అమెరికా నేషనల్ క్యాడ్ స్టాండర్డ్ ఉంది, 1998లో వచ్చిన ఐఎస్ఓ 13567 ఉంది, లేయర్ పేర్లు ఎలా పెట్టాలో శ్రద్ధగా చెప్తాయి. వాటిని పాటించే ఫైళ్లూ వస్తాయి, ముఖ్యంగా బయటి దేశాల నుంచి. మన చిన్న ఆఫీసుల నుంచి వచ్చే ఫైల్లో ఫర్నిచర్ లేయర్ ఫ్రీజ్ చేస్తే దానితో పాటు రెండు కాలమ్‌లూ పోతాయి, ఎవరో కరెంట్ లేయర్ (ఆ సమయానికి గీతలు పడే లేయర్) మార్చడం మర్చిపోయి గీశారు కాబట్టి.

జీరో లేయర్ (ప్రతి ఆటోక్యాడ్ ఫైల్లోనూ ముందే ఉండే లేయర్) కథ ఇంకా తికమక. ఎక్స్‌రెఫ్‌లో మిగతా లేయర్లు తమ పేర్లతో వస్తాయి, జీరో మాత్రం రాదు. అందులో గీసినవి మనం ఎక్స్‌రెఫ్‌ని ఏ లేయర్ మీద పెట్టామో దాని గుణాలు తీసుకుంటాయి. ఆ లేయర్‌ని ఆఫ్ చేస్తే జీరోలో గీసినవి మాత్రమే పోతాయి, ఫ్రీజ్ చేస్తే ఎక్స్‌రెఫ్ మొత్తం పోతుంది. ఇది తెలియకుండా ఆఫ్ చేసినవాడి షీట్లో, ఆర్కిటెక్ట్ జీరోలో గీసిన తలుపులు మాత్రమే మాయమై, గోడల్లో ఖాళీ సందులు మిగులుతాయి. జీరో కొత్త లేయర్ కాదు కాబట్టి అన్‌రికన్సైల్డ్ జాబితా కూడా దీన్ని పట్టుకోదు. పాత లేయర్‌లో చేరిన కొత్త వస్తువునీ పట్టుకోదు. నేను చెప్పే జాగ్రత్త ఇక్కడ చిల్లు పడుతుందని ఒప్పుకోవాల్సిందే. అలాంటి ఫైళ్లకి పాత రివిజన్‌నీ కొత్తదాన్నీ పక్కపక్కన కంపేర్ చేసి చూడటం ఒక్కటే దారి. నాకు నమ్మకం లేని ఆఫీసు నుంచి వచ్చిన ఫైళ్లలో నేను దేన్నీ ఫ్రీజ్ చేయనివ్వను, బూడిద రంగుతోనే నెట్టుకొస్తాం. షీట్ అందంగా ఉండదు. ఉండకపోయినా ఫర్వాలేదు.

"రెవిట్‌కి (గీతలకి బదులు 3డీ మోడల్ చేసే సాఫ్ట్‌వేర్‌కి) వెళ్లిపోతే ఈ గొడవే ఉండదు" అనేవాళ్లకి సగం ఒప్పుకుంటాను. అక్కడ బీమ్ ఎవరు గీసినా స్ట్రక్చరల్ ఫ్రేమింగ్ అనే కేటగిరీలోనే పడుతుంది, కొత్త లేయర్ అన్న సమస్య రాదు. కానీ లింక్‌ని "బై లింక్డ్ వ్యూ"లో పెట్టిన రోజున మన హక్కు మళ్లీ పంపినవాళ్ల చేతికి వెళ్తుంది, వాళ్లు ఆ వ్యూలో ఏది దాస్తే మనకూ అది దాగుతుంది. మైక్రోస్టేషన్ (ఆటోక్యాడ్ లాంటి ఇంకో సాఫ్ట్‌వేర్) పద్ధతి నాకు నచ్చుతుంది. రిఫరెన్స్ అటాచ్ చేసేటప్పుడు, అందులో కొత్త లెవెల్స్ (లేయర్లకి అక్కడి పేరు) వస్తే ఎప్పుడూ చూపించాలా, ఎప్పుడూ చూపించకూడదా అన్నదాన్ని ఒక్కో రిఫరెన్స్‌కీ విడిగా పెట్టుకోవచ్చు. ప్రశ్న కళ్ల ముందే ఉంటుంది. స్ట్రక్చర్‌కి ఎప్పుడూ చూపించు, ల్యాండ్‌స్కేప్‌కి వద్దు అని తేల్చుకోవచ్చు. ఆటోక్యాడ్‌లో ఆ టిక్ పెట్టినవాడు అన్ని ఎక్స్‌రెఫ్‌లకీ కలిపి ఒకే జవాబు చెప్పేశాడు, చెప్పానన్న సంగతి కూడా తెలియకుండా.

పంపేవాళ్లని నేను అడిగేది కూడా ఒకటుంది. రివిజన్‌తో పాటు పంపే ట్రాన్స్‌మిటల్‌లో (ఫైళ్లతో వెళ్లే వివరాల పత్రంలో) మార్పుల జాబితా ఎలాగూ రాస్తారు. "ఈసారి చేర్చిన లేయర్లు, పేరు మార్చిన లేయర్లు" అని ఒక లైన్ దానికి కలపండి. పేరు మార్చిన లేయర్ కూడా మాకు కొత్తదే, పాతదాని మీద మేం చేసినవేవీ దానికి అందవు. ఇది నేను ఇప్పుడు పనిచేస్తున్న ప్రాజెక్టులో మీటింగ్‌లో అడిగాను. స్ట్రక్చర్ వాళ్లు వెంటనే ఒప్పుకున్నారు, తర్వాత వచ్చిన రివిజన్ నుంచే రాస్తున్నారు. ఇంటీరియర్ వాళ్లు మాత్రం తమ లేయర్లు వారానికోసారి మారతాయని, రాస్తూ కూర్చుంటే పని జరగదని అన్నారు. వాళ్ల ఫైల్ రీలోడ్ అయినప్పుడల్లా మా జాబితాలో కొత్తవి వస్తూనే ఉన్నాయి. ప్రతి సోమవారం మా టీమ్‌లో ఒకమ్మాయి వాటిని తెరిచి చూసి రికన్సైల్ చేస్తోంది.